ఎత్తు తగ్గిన పెద్దాయనలు, ఎవరూ అడగని ప్రశ్నలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల సరిహద్దు తాలూకాల్లో డెబ్బై దాటిన తెలుగు పెద్దాయన నడుము నొప్పని ఆస్పత్రికి వెళితే, మాటలు తరచు ఒకే పదం దగ్గర ఆగిపోతాయి: వాతం. మరాఠీలోనూ అదే మాట, తెలుగులోనూ అదే మాట. అనువాదం చేయాల్సిన పని లేదు. దాంతో ఆరా తీయాల్సిన పని కూడా లేదన్నట్టు అయిపోతుంది. నొప్పి మాత్రలు, పూత మందు, ‘వయసు మీద పడింది కదా’ అన్న ఓదార్పు. అదే ఇంట్లో ఆవిడ నడుము వంగితే మాత్రం ‘ఎముకలు గుల్లబారాయేమో, క్యాల్షియం వాడండి’ అని ఎవరో ఒకరు అంటారు. బోలు ఎముకల వ్యాధి ఆడవాళ్లదన్న అభిప్రాయం అంతగా నాటుకుపోయింది.

ఆ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ పడిపోయి స్త్రీలలో ఎముక వేగంగా తరుగుతుంది. పురుషుల్లో అలాంటి మలుపు లేదు. వాళ్ల ఎముక మొదటినుంచీ వెడల్పుగా, దళసరిగా ఉంటుంది. తరుగుదల నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల ఎముకలు విరిగే వయసు వాళ్లకు దాదాపు పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. కానీ వస్తుంది. యాభై దాటిన స్త్రీలలో ముగ్గురిలో ఒకరికి, పురుషుల్లో అయిదుగురిలో ఒకరికి మిగిలిన జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలా ఎముక విరుగుతుందని అంతర్జాతీయ అంచనా. తుంటి విరిగాక మొదటి ఏడాదిలో చనిపోయే ముప్పు పురుషుల్లోనే ఎక్కువ. మన దేశంలో ఆడ, మగ తేడా అనుకున్నంత పెద్దది కాదేమో కూడా. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో తుంటి విరిగినవారిని లెక్కించిన అధ్యయనం 2013లో వెలువడింది. యాభై దాటిన ప్రతి లక్ష మందిలో ఏడాదికి స్త్రీలు 159 మంది, పురుషులు 105 మంది. ఆడవాళ్ల జబ్బు అని పక్కన పెట్టగలిగిన లెక్క కాదిది.

ఈ సరిహద్దుకు మగవాళ్ల ఎముకల ప్రశ్న ఇప్పుడు ఎందుకు ముఖ్యమో అక్కడి జనాన్ని చూస్తే తెలుస్తుంది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సిరోంచలో గోదావరి దాటితే కాళేశ్వరం. అక్కడ తెలుగు వలస భాష కాదు, ఊరి భాష. బల్లార్షా చుట్టుపక్కల బొగ్గు గనులకు, కాగితం మిల్లుకు పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు వేరు. పాతికేళ్ల వయసులో తట్ట, పార పట్టుకున్న ఆ తరం పురుషులు ఇప్పుడు పింఛను పుస్తకం పట్టుకుని బ్యాంకు మెట్లు ఎక్కుతున్నారు. ఆ మెట్ల మీద జారి పడితే ఏమవుతుందన్నదే, ఎముక విరిగే ‘ముప్పు అంచనా’ అని వైద్యులు అనే మాటకు అసలు అర్థం.

అంచనా మొదలయ్యేది స్కానింగు యంత్రంతో కాదు, కొలత టేపుతో. ఒక పెద్దాయనను ఊహించుకుందాం. వయసు 72, బరువు 48 కిలోలు. గని పనిలో చేరిన నాటి వైద్య పరీక్ష కాగితంలో ఎత్తు 168 సెంటీమీటర్లని రాసి ఉంది. ఇప్పుడు చెప్పులు విప్పించి గోడకు ఆనించి కొలిస్తే 161. ఏడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి? కాళ్లు తగ్గవు. అందుకే పాత ప్యాంటు పొడవు ఇప్పటికీ సరిగ్గానే ఉంటుంది. చొక్కా మాత్రం పొడుగైనట్టు వేలాడుతుంది. తిండి తగ్గినా పొట్ట ముందుకు వస్తుంది, ఎందుకంటే పక్కటెముకలు కిందికి దిగి పేగులకు చోటు లేకుండా చేస్తాయి. తగ్గినదంతా వెన్నులోనే. కొంత వెన్నుపూసల మధ్య మెత్తలు అరిగి తగ్గుతుంది, అది వయసుతో ఎవరికైనా ఉండేదే. కానీ యవ్వనంలోని ఎత్తు కన్నా నాలుగు సెంటీమీటర్లో అంతకు మించో తగ్గితే వెన్నుపూసలు నలిగి ఉండవచ్చని అనుమానించి, పక్కనుంచి వెన్ను ఎక్స్‌రే తీయించాలన్నది అంగీకృతమైన సూచన.

పాత ఎత్తు తెలియకపోతే గోడే సాక్షి. మడమలు, వీపు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి నిలబడితే తల వెనక భాగం గోడకు తగలాలి. తగలకపోతే పైవెన్ను వంగినట్టే. రెండోది చేతివేళ్ల పరీక్ష: చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్య పక్కనుంచి వేళ్లు పెట్టి చూస్తే, రెండు వేళ్ల కన్నా తక్కువ చోటుంటే నడుము దగ్గర వెన్ను కుంగిందని అనుమానం. ఈ రెండూ ఖర్చు లేనివి, ఆశా కార్యకర్త ఇంటి వాకిట్లోనే చేయగలిగినవి.

వెన్నుపూస విరగడమంటే పెళ్లున చప్పుడు, కేక ఉంటాయని జనం అనుకుంటారు. కానీ ఇలా విరగడాల్లో మూడింట రెండు వంతులు విరిగినట్టే తెలియకుండా జరిగిపోతాయి. బియ్యం బస్తా కదిపినప్పుడు, గట్టిగా తుమ్మినప్పుడు, లేదా ఏమీ చేయనప్పుడు. గని కార్మికులకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష జరుగుతుంది, ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. కానీ అది ఊపిరితిత్తులలోని దుమ్ము కోసం ఎదురుగా తీసేది. నలిగిన వెన్నుపూస ఆకారం పక్కనుంచి తీస్తేనే స్పష్టంగా కనబడుతుంది. ముప్పై ఏళ్ల ఎక్స్‌రేలు కవర్లలో భద్రంగా దాచుకున్న మనిషికి తన వెన్ను సంగతి తెలియకపోవడంలో వింత ఏమీ లేదు.

బరువు, వయసు కూడా వాటంతటవే కొంత చెబుతాయి. ఆసియా స్త్రీల కోసం తయారై తర్వాత పురుషుల్లోనూ పరీక్షించిన ఒక సూత్రం ఉంది: కిలోల్లో బరువు నుంచి ఏళ్లలో వయసు తీసివేసి, 0.2తో గుణించాలి. పై పెద్దాయనకు 48లో 72 తీసేస్తే −24, గుణిస్తే −4.8. సాధారణంగా −1 కన్నా దిగువన ఉన్నవారిని స్కానింగుకు పంపమంటారు. పురుషులకు ఏ గీత సరైనదన్న దానిపై అధ్యయనాల మధ్య తేడాలున్నాయి కానీ, −4.8 ఏ గీతకైనా చాలా దిగువే. చిక్కల్లా వయసు దగ్గరే. ఈ తరంలో ఎందరికో ఆధార్ కార్డు మీద పుట్టినరోజు జనవరి 1. ఉద్యోగం కోసం నాలుగేళ్లు తగ్గించి రాయించినవారూ ఉంటారు. అడిగి తెలుసుకోవాలి: తొలి ఓటు ఎప్పుడు వేశారు, పెళ్లి నాటికి ఏ సంవత్సరం, పెద్ద కొడుకుకు ఇప్పుడెన్నేళ్లు.

ఇక అసలు అంచనా పత్రం. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన ఫ్రాక్స్ అనే లెక్క ప్రపంచమంతా వాడుతున్నారు. భారత్‌కు ప్రత్యేక నమూనా కూడా ఉంది. ఫోనులోనే తెరిచి పది పన్నెండు ప్రశ్నలకు జవాబులు నింపితే, వచ్చే పదేళ్లలో తుంటి విరిగే అవకాశం ఎంత, వెన్ను, తుంటి, మణికట్టు, భుజం వంటి ముఖ్యమైన ఎముకల్లో ఏదో ఒకటి విరిగే అవకాశం ఎంత అని శాతాల్లో చెబుతుంది. స్కానింగు ఫలితం లేకుండా కూడా లెక్క వస్తుంది. అమెరికాలో తుంటికి 3 శాతం, మొత్తానికి 20 శాతం దాటితే మందు మొదలుపెట్టమంటారు; ఆ గీతలు ఆ దేశపు ఖర్చుల ప్రకారం గీసినవి.

పనిముట్టు మంచిదే. చిక్కంతా ప్రశ్నను ఇక్కడి మనిషికి ఎలా వేస్తారన్న దగ్గర ఉంది. ‘మీ తల్లిదండ్రుల్లో ఎవరికైనా తుంటి విరిగిందా?’ అని పత్రం అడుగుతుంది. లేదంటారు. ‘మీ నాన్నగారు ఎలా పోయారు?’ అని అడిగితే వేరే జవాబు వస్తుంది: ‘పొలం గట్టు మీద కాలు జారి పడ్డాడు. మళ్లీ లేవలేదు. మూడు నెలలు మంచంలో ఉండి పోయాడు.’ ఆనాడు ఎక్స్‌రే తీసినవాళ్లు లేరు కాబట్టి ఆ మరణానికి తుంటి పేరు రాలేదు. పడ్డ రోజు నుంచి నడవలేక మంచం పట్టిన ముసలితనపు కథ వినగానే ఆ గడిలో ‘అవును’ అని పెట్టడమే న్యాయం.

పొగ తాగుతారా అన్నది మరో గడి. తాగనని చెప్పే పెద్దాయన బుగ్గలో ఖర్రా ఉండవచ్చు. విదర్భ అంతటా పాన్ డబ్బాల్లో పొగాకు, వక్కపలుకులు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో వేసి నలిపి ఇచ్చే సరుకు అది. ఫ్రాక్స్ పొగ వచ్చే పొగాకునే లెక్కిస్తుంది. నమిలేదాన్ని లెక్కలోకి తీసుకోదు. గడిలో ‘కాదు’ అనే పెట్టాల్సి వచ్చినా, వచ్చిన శాతం వాస్తవం కన్నా తక్కువ కావచ్చన్న ఎరుకతో చదువుకోవాలి.

మద్యం సంగతి ఇంకా సున్నితం. రోజుకు మూడు యూనిట్లో అంతకు మించో తాగుతారా అని అడుగుతారు. యూనిట్ అంటే దాదాపు 30 మిల్లీలీటర్ల గాఢ మద్యం. అంటే ఒక క్వార్టర్ సీసాలో ఆరు యూనిట్లు ఉన్నట్టు. గీత ఎప్పుడో దాటేసినట్టే. ఇప్పసారాకు ఇలాంటి కొలత పెట్టడం కష్టం, కాచినవారిని బట్టి దాని ఘాటు మారుతుంది. గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. నిషేధం ఉన్న జిల్లాలో ప్రభుత్వ ఆస్పత్రి కాగితం మీద తాగుతానని ఎవరు ఒప్పుకుంటారు? ఒంటరిగా, మందలింపు లేని గొంతుతో అడిగితేనే జవాబు దొరుకుతుంది.

స్టెరాయిడ్ల ప్రశ్నదీ ఇదే దారి. మూడు నెలలకు పైగా రోజుకు 5 మిల్లీగ్రాములో అంతకు మించో ప్రెడ్నిసోలోన్ వాడారా అని పత్రం అడుగుతుంది. పేరు ఎవరికి తెలుసు? కాగితం పొట్లంలో కట్టిచ్చిన చిన్న తెల్ల మాత్రలు వేసుకుంటే మోకాళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయం కావడం, ఆకలి విపరీతంగా పెరగడం, ముఖం ఉబ్బి గుండ్రంగా మారడం, మానేస్తే ఒళ్లంతా మళ్లీ పట్టేయడం... ఈ గుర్తులు చెప్పి అడిగితే ఆర్‌ఎంపీ దగ్గర ఏడాదిగా ఏం తీసుకుంటున్నారో బయటపడుతుంది. ఆయాసానికి వాడిన మాత్రలనూ ఇందులో కలపాలి. ఇక ఈ పత్రం తన మూల లెక్కలో అడగనే అడగనిది: ఈ ఏడాది ఎన్నిసార్లు పడ్డారు? దాని గురించి కాసేపట్లో.

యంత్రం దగ్గరికి వద్దాం. ఎముక సాంద్రతను కొలిచే ప్రామాణిక స్కానింగు డెక్సా. ఆరోగ్యవంతులైన యువజనుల సగటుతో పోల్చి టి-స్కోరు ఇస్తుంది; −2.5 లేదా అంతకు దిగువన ఉంటే బోలు ఎముకల వ్యాధి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీత. పురుషులకు కూడా యువతుల సగటునే కొలబద్దగా వాడాలని అంతర్జాతీయ నిపుణుల సలహా. ఒకే వయసులో, ఒకే సాంద్రత ఉన్న స్త్రీకి, పురుషుడికి విరిగే ముప్పు రమారమి సమానంగా ఉండటమే అందుకు కారణం. శిబిరాల్లో మడమ మీద పెట్టి చూసే అల్ట్రాసౌండ్ ఇచ్చే అంకెకు ఈ −2.5 గీత వర్తించదు. ‘శిబిరంలో చూశారు, బాగానే ఉందన్నారు’ అన్న మాటతో ఆగిపోకూడదు.

డెక్సా అంకెను కూడా మితిమీరి నమ్మకూడదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం 2004లో తేల్చింది ఇది: వెన్ను కాక ఇతర ఎముకలు విరిగిన వృద్ధ పురుషుల్లో టి-స్కోరు −2.5 కన్నా దిగువన ఉన్నవారు అయిదుగురిలో ఒక్కరే. మిగిలిన నలుగురికి ఆ గీత ప్రకారం జబ్బే లేదు. వృద్ధ పురుషుల వెన్నులో ఎముక ముళ్లు, బృహద్ధమనిలో పేరుకున్న సున్నం కూడా సాంద్రతగా లెక్కలోకి వచ్చి, అంకెను ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తాయి. అందుకే వాళ్లలో తుంటి కొలతకు ఎక్కువ విలువ ఇస్తారు. అదీ కుదరకపోతే ముంజేతి కొలత.

చంద్రపూర్ ప్రాంతంలో ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. ఈ జిల్లాలోని పలు గ్రామాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పరిమితి మించి ఉంది. తెలుగువారికి ఫ్లోరైడ్ కథ కొత్తది కాదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను చూసి. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. దాన్ని రూపొందించింది మాత్రం చంద్రపూర్‌కు ఎగువనున్న నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ. ఇక్కడ తెలుసుకోవాల్సింది మాత్రం వేరే. ఫ్లోరైడ్ ఎముక సాంద్రతను పెంచుతుంది. ఎముక కట్టే కణాలను రెచ్చగొట్టి, ఖనిజ స్ఫటికాల్లో తానే చేరి కూర్చుంటుంది. అలా కట్టిన ఎముక బరువుగా ఉంటుంది, గట్టిగా ఉండదు. గోడలో ఇటుకలు ఎక్కువై సిమెంటు పట్టనట్టు. డెక్సా ఇటుకలను లెక్కపెడుతుంది, పట్టు ఎంతో చూడలేదు.

ఇది ఊహ కాదు. ఒకప్పుడు ఫ్లోరైడ్‌నే బోలు ఎముకలకు మందుగా వాడి చూశారు. 1990లో వెలువడిన అమెరికా పరీక్షలో ముట్లు ఆగిన స్త్రీలకు నాలుగేళ్లపాటు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నడుము వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇతర ఎముకలు విరగడం పెరిగింది. కాబట్టి బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దాయనకు టి-స్కోరు చక్కగా వచ్చినంత మాత్రాన ఫైలు మూసేయడం పొరపాటు. అంకె మరీ బాగుంటే అదే అనుమానించాల్సిన విషయం.

దీన్ని పట్టుకోవడానికి ప్రశ్నలున్నాయి. ఏ నీళ్లు, ఎన్నేళ్లు? వార్ధా నది నీళ్లు కుళాయిలో వచ్చే కాలనీలో గడిపిన మనిషికి, చేతిపంపు నీళ్లు తాగిన పక్క పల్లె మనిషికి ఎముక చరిత్ర ఒకటి కాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరే. పళ్ల మీద గోధుమరంగు చారలుంటే చిన్నతనం ఆ నీళ్ల మీదే గడిచినట్టు. లేకపోతే లేదని మాత్రం అనుకోకూడదు: పళ్లు ఏర్పడే వయసు దాటాక, పాతికేళ్లకు కరీంనగర్ నుంచి వచ్చి నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగినవారి పళ్లు తెల్లగానే ఉండి, వెన్ను కొయ్యబారవచ్చు. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూడటం, కింద పడ్డ నాణెం వంగి తీయలేకపోవడం దాని గుర్తులు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

పురుషుల్లో ఎముక పల్చబడితే దాదాపు సగం మందిలో వెనక వేరే కారణం ఉంటుంది. అందుకే రక్తపరీక్షలు తప్పనిసరి: క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, థైరాయిడ్, విటమిన్ డి, రక్తకణాల లెక్క, అవసరాన్ని బట్టి టెస్టోస్టెరాన్. విటమిన్ డి లోపంతో ఎముక మెత్తబడే జబ్బు కూడా డెక్సాలో అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉండటం, కింద కూర్చుంటే తొడల బలంతో లేవలేకపోవడం దాన్ని పట్టిస్తాయి. రక్తహీనతతో పాటు వెన్నుపూస నలిగి ఉంటే మైలోమా అనే రక్త క్యాన్సర్ వైపు చూడాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ వైపు. ప్రోస్టేటు క్యాన్సరుకు వృషణాలు తొలగించినవారిని, హార్మోను సూదులు తీసుకుంటున్నవారిని విడిగా గుర్తుంచుకోవాలి. 2005లో వెలువడిన అమెరికా లెక్కలో, రోగం బయటపడ్డాక అయిదేళ్లు బతికినవారిలో ఈ చికిత్స తీసుకున్నవారికి 19.4 శాతం మందికి, తీసుకోనివారిలో 12.6 శాతం మందికి ఎముకలు విరిగాయి. వాళ్లను చూసే వైద్యులు క్యాన్సరును కనిపెట్టుకుంటూ ఎముకను మరిచిపోతారు.

ఎముక ఎంత పల్చనైనా, వెన్ను సంగతి పక్కన పెడితే, పడితేనే విరుగుతుంది. ఎప్పుడు పడతారో చూడండి. రాత్రి పడుకునే ముందు బీపీ మాత్ర, ప్రోస్టేటు మాత్ర. రెండింటికీ లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయే గుణం ఉండవచ్చు. రెండు గంటలకు మూత్రానికి మెలకువ వస్తుంది. మరుగుదొడ్డి పెరట్లో. శుక్లం ముదిరిన కళ్లు, షుగరు వల్ల మొద్దుబారిన పాదాలు, తడిసిన షాబాదు బండ. ఆ ఇంట్లో డెక్సా నివేదిక కన్నా గుమ్మం దగ్గర ఒక బల్బు, మంచం పక్కన మూత్రం సీసా, మాత్రల వేళలపై వైద్యుడితో ఒక మాట ముందు పని చేస్తాయి. పరీక్ష కావాలంటే కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనాలి. 12 సెకన్లు దాటితే పడే ముప్పు ఉన్నట్టు.

డెక్సా కోసం ఎవరిని పంపాలన్నది డబ్బు ప్రశ్న కూడా. బల్లార్షా నుంచి రైల్లో పైకి నాగ్‌పూర్, కిందికి వరంగల్. ఎటైనా ఒక రోజు కూలి, తోడు వచ్చే కొడుకు కూలి పోతాయి. కాబట్టి వరుస ఉండాలి. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటో వెన్నుపూసో ఇప్పటికే విరిగిన పెద్దాయనకు స్కానింగు వచ్చేదాకా మందు ఆపడం అన్యాయం. ఆ ఎముక విరగడమే రోగ నిర్ధారణ. తుంటి విరిగినవారిలో సగం మందికి అంతకుముందే మరో ఎముక విరిగి ఉంటుందన్నది పాత అనుభవం. మణికట్టుకు కట్టు కట్టి ఇంటికి పంపేశాక ఎవరూ వెనక్కి పిలవకపోవడమే ఆ సగానికి కారణం. విరగకుండా, ఎత్తు తగ్గి, బరువు తక్కువై, స్టెరాయిడ్ చరిత్ర ఉన్నవారిని యంత్రానికి పంపడంలో అర్థముంది. ఫలితం ఏం వచ్చినా చికిత్స మారనివారిని పంపడంలో లేదు.

మందులు పురుషుల్లో పనిచేస్తాయా అన్న సందేహం పాతబడింది. ఎముక తరుగుదలను అడ్డుకునేందుకు ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం మీద 2012లో వెలువడిన పరీక్షలో, రెండేళ్లలో కొత్తగా వెన్నుపూస విరిగిన పురుషులు మందు తీసుకున్నవారిలో 1.6 శాతం, తీసుకోనివారిలో 4.9 శాతం. ముందుగా మూత్రపిండాలు, విటమిన్ డి చూసుకోవాలి. ఫ్లోరోసిస్ ఉన్నవారికి ఇవ్వాలా వద్దా అన్నది నిపుణులు తేల్చాలి. పళ్ల వైద్యుడికీ చూపించాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి ఖర్రా నమిలిన నోట్లో పీకాల్సిన పళ్లు ఉంటాయి, ఆ పని మందుకు ముందే అయిపోవాలి. ఇదే కోవలో వారానికోసారి వేసుకునే మాత్ర చవక. పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంటసేపు నడుము వాల్చకుండా, మరేమీ తినకుండా ఉండాలి. టీ కూడా తాగకూడదని చీటీ మీద రాసిస్తారు. ఖర్రా సంగతి ఎవరూ రాయరు. అందులోని సున్నం క్యాల్షియమే. మాత్రను ఒంటికి పట్టనీయదు. నిద్ర లేవగానే బుగ్గన పెట్టుకునే అలవాటున్న పెద్దాయనకు ఆ ఒక్క మాట విడిగా, తెలుగులో చెప్పాలి.